మడతలో వదిలిన జానెడు

జనవరి సగం దాటింది.
సముద్రం ఇంకా నల్లగానే ఉంది, కదులుతూనే ఉంది.
ఉమ్మన్నాక్ కొండ వెనక ఎక్కడో సూర్యుడున్నాడని లెక్క.
నవంబరు నుంచీ మొహం చూపించలేదు,
అయినా ఆయన గురించి ఎవరికీ దిగుల్లేదు,
ఫిబ్రవరి మొదట్లో వస్తాడని క్యాలెండరులో ఉంది.
మంచు సంగతే ఏ క్యాలెండరులోనూ లేదు.

నాలుగు వేళ్ళ మందం గడ్డకడుతుంది.
గాలి లేస్తుంది. తెల్లారేసరికి
(ఇక్కడ తెల్లారదు, మాటవరసకి అన్నాను)
పగిలిన పలకలు ఒడ్డున
అంట్ల గిన్నెల్లా కొట్టుకుంటుంటాయి.

గొలుసుల మీద పద్నాలుగు కుక్కలు.
లాగడానికి బండి లేదు, ఆకలి మాత్రం ఉంది.
దుకాణంలో బాకీల పుస్తకం తిప్పుతూ మలియానె
నా మొహం చూడకుండా అంది:
"సోఫుస్ తన కుక్కల్ని కాల్చేశాడు, తెలుసా? మంగళవారం."
తెలుసు. తొమ్మిది చప్పుళ్ళు.
ఆ రాత్రి మావాటిలో ఒక్కటీ మొరగలేదు.

సరిగ్గా ఆ వారమే మా నల్లది ఈనింది. ఐదు పిల్లలు.
ఆపొల్లు లాంతరెత్తి చూసి
నవ్వాలో వద్దో తెలియక
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆదివారం గాలికి పాస్టరుగారి హెలికాప్టరు రాలేదు.
ఉపదేశి తాబితా వాక్యం చెప్పింది.
యెరూషలేముకు ముట్టడి,
గోడ బయట శత్రువు మట్టిదిబ్బలు పోస్తున్నాడు,
లోపల యిర్మీయా, ఖైదులో ఉండి,
అనాతోతులో పొలం కొన్నాడు.
వెండి తూచాడు, సాక్షుల్ని పిలిచాడు,
దస్తావేజు మట్టికుండలో దాయించాడు.
"పిచ్చా ఆయనకి?" అని అడిగి
తాబితా దగ్గింది, చాలాసేపు దగ్గింది,
జవాబు చెప్పడం మరిచిపోయింది.
మేం కీర్తన అందుకున్నాం.

ప్రభువా, నీతో ఒక మాట.
పేతురు నీళ్ళ మీద నడిచాడని లోకమంతా అబ్బురపడుతుంది.
మా ఊళ్ళో అందరూ నడిచారు,
గాలాల బుట్టలు మోసుకుంటూ, తిట్టుకుంటూ, ఈల వేసుకుంటూ.
కాకపోతే మా చేతిలో ఇనుపమొన కర్ర ఉంటుంది.
అడుగుకి ముందు ఒక పోటు.
గట్టిగా పలికితే కాలు పెట్టు,
తడిగా పలికితే వెనక్కి.
దేవుణ్ణి నమ్ముకో, కర్ర మరిచిపోకు:
నాన్న రెండూ ఒకే ఊపిరిలో చెప్పేవాడు,
ఏది ఎక్కువో ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు పావియా కర్ర తీసుకునే వెళ్ళాడు.
ప్రార్థన చేసుకునే వెళ్ళాడు.
మార్చి నెల. టోపీ దొరికింది.
పేతురుకి అందిన చెయ్యి
వాడికెందుకు అందలేదని మూడేళ్ళుగా అడుగుతున్నాను.
నువ్వు చెప్పలేదు. నేను మానలేదు.
కొన్నాళ్ళు మన మధ్య ఉన్న మాటలంటే అవే.

ఇవాళ ఆపొల్లు వంటింటి బల్ల మీద
తుపాకీ తుడిచాడు, నూనె రాశాడు,
ఎటో చూస్తూ కాసేపు కూర్చుని
తిరిగి పెట్టెలో పెట్టేశాడు.
నేనేమీ అడగలేదు.
అటక మీంచి పావియా బండి పట్టెడలు దించి,
ఉప్పు పట్టిన కుట్లు విప్పి,
నైలాను పట్టీలు వేడినీళ్ళలో నానేశాను.

ఐదు కత్తిరించాను.
కళ్ళు తెరవని కూనలు, ఎంతవుతాయో ఎవరికి తెలుసు?
అందుకే మడతలో జానెడు వదిలి కుడుతున్నాను,
వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చని.
వచ్చే ఏడాది మంచు పడుతుందని నువ్వు మాటివ్వలేదు.
నేనూ అనుకోవడం లేదు, నిజం చెప్పాలంటే.

దారం పంటితో తెంపుతుంటే
కూన ఒకటి వేడి వెతుక్కుంటూ,
గోడకి కొట్టుకుని, బల్లకాలికి కొట్టుకుని,
నా పాదం మీదికెక్కి నిద్రపోయింది.
కాలు తిమ్మిరెక్కింది.

బయట గాలి ఏ దిక్కుదో ఇంకా చూడలేదు.
ఐదోది మిగిలింది.
దీపం కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.